గోదారి అవతల మనోళ్ళు

సోమవారం రాత్రి ఇల్లు చేరాం. అత్తమ్మ కట్టిచ్చిన ఉసిరికాయల మూట ఇంకా వంటింటి గట్టు మీదే ఉంది. వాటిని పచ్చడి చేసేలోపు ఈ నాలుగు రోజుల ముచ్చట రాసిపెట్టుకోవాలని కూర్చున్నాను. ఆలస్యం చేస్తే మాటలు మిగులుతాయి గానీ వాసనలు పోతాయి.

సిరొంచ మా అమ్మ పుట్టిల్లు. మహారాష్ట్రలో గడ్చిరోలి జిల్లా దక్షిణపు కొసన, ప్రాణహిత గోదావరిలో కలిసే చోట ఉంటుంది. అక్కడ ఇంట్లో తెలుగు, బళ్ళో మరాఠీ. అమ్మ ఏడో తరగతి దాకా మరాఠీలోనే చదివింది. పెళ్ళై హనుమకొండ వచ్చాక బస్సుల మీది బోర్డులు చూసి చూసి తెలుగు అక్షరాలు పట్టుకుంది. ఇప్పటికీ తెలుగు చదివేటప్పుడు పెదాలు కదుపుతుంది, మరాఠీ అయితే గబగబా కళ్ళతోనే చదివేస్తుంది.

కార్తీకంలో తమ్ముడింటికి పోదామని అమ్మ దసరా నుంచీ అడుగుతోంది. పేచీ పెట్టింది మా పాప. దానికి పన్నెండేళ్ళు, ఎడమచేత్తో స్పిన్ వేస్తుంది. కడప జిల్లా నుంచి వచ్చిన శ్రీచరణిదీ ఎడమచేతి స్పిన్నే కాబట్టి ఈ 2025 మహిళల క్రికెట్ ప్రపంచకప్పు మొత్తం మా ఇంట్లో ఆమె చుట్టూనే తిరిగింది. అక్టోబరు 30 రాత్రి సెమీఫైనల్లో ఆస్ట్రేలియా 338 కొడితే, జెమీమా 127 పరుగులతో చివరిదాకా నిలబడి గెలిపించి మైదానంలోనే ఏడ్చింది. ఇక్కడ మేమూ ఏడ్చాం. ఏడుస్తూనే పాప అడిగింది: "ఆదివారం ఫైనల్. సిరొంచ తాతకు టీవీ ఉందా?"

అమ్మ రాత్రి పదకొండు దాటాక తమ్ముడికి ఫోను చేసింది. టీవీ ఉందట.

శుక్రవారం, అక్టోబరు 31: హనుమకొండ నుంచి కాళేశ్వరం

ముగ్గురం ఆడవాళ్ళమే. ఆధార్ కార్డులు చూపిస్తే కండక్టరు మూడు జీరో టికెట్లు చింపి ఇచ్చాడు. మహాలక్ష్మి పథకం వచ్చాక అమ్మకు బస్సంటే ధైర్యం పెరిగింది. ఇదివరకు "మీకెందుకు ఖర్చు" అని ఆగిపోయేది, ఇప్పుడు తనే ప్రయాణం పెడుతోంది. ఇది చిన్న సంగతని నేననుకోను. పుట్టింటికి పోవడానికి ఒకరిని డబ్బులడగక్కర్లేదంటే ఆడదానికి అదెంత!

మొంథా తుపాను రెండు రోజుల కిందటే ఊళ్ళను ముంచి పోయింది. పరకాల దాటాక రోడ్డుకు రెండు పక్కలా వరి చేలు చాప పరిచినట్టు పడుకుని ఉన్నాయి. తడిసిన వడ్లను సగం రోడ్డు మీద ఆరబోసి, కాళ్ళతో చాళ్ళు తీస్తూ తిరుగుతున్నారు. డ్రైవరు ఆ కుప్పల పక్కనుంచి మెల్లగా పోనిచ్చాడు, ఒక్కసారి కూడా హారను కొట్టలేదు.

భూపాలపల్లిలో ఒకామె ఎక్కి నా పక్కన కూర్చుంది. కొంగులోంచి ఒక పత్తికాయ తీసి అరచేతిలో పెట్టి చూపించింది. పగిలిన కాయ, తడిసి నల్లబడ్డ దూది, ఆ దూదిలోంచి ఆకుపచ్చని మొలక. చెట్టు మీద ఉండగానే గింజ మొలకెత్తింది. "ఇగ జూడు బిడ్డా. మూడెకరాలు గిట్లనే," అంది. ఏమనాలో తెలియలేదు. అమ్మ ఆ కాయను తీసుకుని, మొలకను వేలి కొసతో తాకి, తిరిగి ఆమె చేతిలో పెట్టి ఆ చేతిని కాసేపు వదల్లేదు. మహదేవపూర్‌లో దిగుతూ ఆమె మా పాప చేతిలోని బంతి చూసి, "ఎల్లుండి ఆడపిల్లల ఆటున్నదట గదా, మా మనుమడు జెప్పిండు. గెలుస్తరా?" అని అడిగింది. గెలుస్తరని చెప్పింది పాప. అంత నష్టంలోనూ ఆమె ఆ ప్రశ్న అడిగినందుకు నాకు గొంతు పట్టుకుంది.

కాళేశ్వరం దగ్గర గోదారి మీది వంతెన వచ్చి పదేళ్ళు కూడా కాలేదు. అంతకుముందు పడవే. అమ్మ కొత్త పెళ్ళికూతురై ట్రంకుపెట్టెతో పడవలోనే దాటింది. షేరింగ్ ఆటోకు మనిషికి 40 రూపాయలన్నాడు. వంతెన నడుమ ఒక్క నిమిషం ఆపమంటే, "ఎంతసేపన్న ఆపుత, మీరు సిరొంచోళ్ళే గదా" అన్నాడు. అమ్మ మాట్లాడిన రెండు ముక్కల్లోనే కనిపెట్టాడు. నీళ్ళు ఎర్రగా, దుంగలు తేలుతూ, ఒడ్లు ఒరుసుకుంటూ పోతున్నాయి. అమ్మ రూపాయి బిళ్ళ నుదుటికి అద్దుకుని విసిరింది. అది నీళ్ళల్లో పడ్డ చప్పుడు మాకు వినబడనే లేదు.

మామ గేటు దగ్గర కుర్చీ వేసుకుని కూర్చున్నాడు. "ఎప్పుడస్తరో అని పొద్దటిసంది ఈడనే కూసున్న అక్కా" అన్నాడు. అమ్మకు అరవై ఆరు, ఆయనకు అరవై. ఆమె చేతిసంచి అందుకుంటూ ఆయన చిన్నపిల్లాడిలా నవ్వాడు.

ప్రాణహిత చేపల పులుసు మీద అమ్మ ఆశ పెట్టుకుంది గానీ, కార్తీకమని ఆ ఇంట్లో నీసు ముట్టడం లేదు. "పున్నం తర్వాత మళ్ళ రా" అన్నాడు మామ. రాత్రికి జొన్నరొట్టె, నిప్పుల మీద కాల్చిన వంకాయను ఎల్లిపాయ, పల్లీలతో మెదిపిన కూర. మామ కోడలిది చంద్రపూర్ వైపు, మరాఠీ అమ్మాయి. ఆ వంకాయ తన చేతిదే. ఆమె దాన్ని భరీత్ అంటుంది, అత్తమ్మ వంకాయ తొక్కంటుంది. గిన్నె ఒకటే.

శనివారం, నవంబరు 1: తప్పెక్కిన బస్సు

పొద్దున్నే మామ మమ్మల్ని బస్టాండు దగ్గరి బండికి తీసుకుపోయాడు. అటుకుల పోహా మీద ఎర్రటి తర్రీ, అంటే నల్లశనగల పులుసు, గరిటెతో పోసి, పైన సన్నగా తరిగిన ఉల్లిపాయ చల్లుతాడు. ప్లేటు 30 రూపాయలు. విదర్భ అంతటా పొద్దుటి పూట ఇదేనట. అటుకులు మెత్తగా, పులుసు నాలుక చివర చురుక్కుమని. పాప కళ్ళల్లో నీళ్ళు తిరుగుతున్నా రెండో ప్లేటు అడిగింది. బండాయన ఒక గిరాకీతో తెలుగులో, రెండో గిరాకీతో మరాఠీలో, కారం ఎక్కువైన మా పాపతో హిందీలో మాట్లాడాడు, చెయ్యి మాత్రం ఆగలేదు.

ఆ రోజు వడధం వెళ్ళి శిలాజాల పార్కు చూడాలనుకున్నాం. ముందు రోజు సాయంత్రం అటు పోయే ఆలాపల్లి బస్సు ఆగి ఉన్న చోటే ఒక ఎస్టీ బస్సు, అంటే మహారాష్ట్ర ఆర్టీసీ బస్సు, ఆగి ఉంటే ఎక్కి కూర్చున్నాం. బోర్డు మీద బురద, అమ్మ కళ్ళద్దాలు ఇంట్లో. పావుగంట పోయాక కండక్టరు వచ్చి, "తాయి, ఇది ఆసరెల్లి గాడీ" అన్నాడు. నేను కంగారుపడ్డాను. అమ్మ మాత్రం, "అయితే అంకీసల దిగుదాం. నా సోపతి పిల్లది అక్కడికే ఇచ్చిన్రు" అంది, ముందే అనుకున్నట్టు. మహారాష్ట్రలో ఆడవాళ్ళకు సగం టికెట్టు. అడగకుండానే సగానికి చింపాడు. గోదారి అవతల జీరో, ఇవతల సగం. పాప ఈ టికెట్టునూ దాచుకుంది.

అమ్మ సోపతి పిల్ల ఊళ్ళో లేదు. కొడుకు దగ్గరికి నాగపూర్ పోయిందట. ఆ మాట చెప్పినామె మమ్మల్ని గడపలో నిలబెట్టి పంపడానికి ఒప్పుకోలేదు. మంచం వాల్చి, చెంబుతో నీళ్ళిచ్చి, చాయ్ పెట్టి, అది తాగుతుంటే మీరెవరి బిడ్డలని మొదలుపెట్టి అమ్మ తాత పేరు దాకా పోయింది. అంతా అయ్యాక, "అయితే మనోళ్ళే" అని తేల్చింది. అలా తేలాక ఇంకో చాయ్ వచ్చింది.

తిరుగు బస్సుకు రెండు గంటలు టైముంది. దీపావళి సెలవులింకా అయిపోలేదు, బడి మైదానంలో తొమ్మిదిమంది ఆడపిల్లలు క్రికెట్ ఆడుతున్నారు. మూడు ఇటుకలు వికెట్లు. ఒక పిల్ల చేతిలో ఉన్న బ్యాటు చూసి నేను దగ్గరికి పోయాను. కొన్నది కాదు. వాళ్ళ తాత వడ్రంగి, తలుపు చేయగా మిగిలిన టేకు చెక్కతో చెక్కి ఇచ్చాడు. బరువు. ఎత్తి చూశాను, నా మణికట్టు వాలిపోయింది. పట్టుకునే చోట సైకిల్ ట్యూబు సన్నగా కోసి బిగుతుగా చుట్టారు. అంచు పగిలితే రేకు ముక్క వేసి చిన్న మేకులు కొట్టారు. ఆ మేకుల తలలు చేతికి తగలకుండా ఆకురాయితో అరగదీసి ఉన్నాయి. మనవరాలి చెయ్యి గీరుకోకూడదని ఎవరో పెద్దాయన కూర్చుని ఆ నాలుగు మేకులూ అరగదీశాడు. నేను ఈ ప్రయాణంలో చూసిన వాటిలో అంత అందమైన వస్తువు ఇంకోటి లేదు.

పాప బంతి పట్టుకుని అంచున నిలబడింది. "బౌలింగ్ వేస్తవా?" అని వాళ్ళే అడిగారు. నాలుగో బంతికి ఇటుక పడింది. అప్పుడు మొదలైంది అసలు గొడవ, ఎవరు ఎవరు అని. "నేను స్మృతి. స్మృతి మనది, సాంగ్లీది" అంది టేకు బ్యాటు పిల్ల. "నేను శ్రీచరణి. శ్రీచరణి మాది, కడపది" అంది పాప. వెంటనే ఇంకో పిల్ల అడ్డం వచ్చింది: "తెలుగామెనే గదా! అయితే మాది గూడ." స్మృతీ మాదే, జెమీమా బొంబాయిది కాబట్టి ఆమే మాదే, శ్రీచరణి తెలుగు మాట్లాడుతుంది కాబట్టి ఆమె కూడా మాదే అని లెక్క తేల్చారు. పాప కాసేపు ఆలోచించి ఒప్పుకుంది. మరి దీప్తి? షెఫాలీ? ఉత్తరప్రదేశ్, హరియానా. "ఆళ్ళు మనకు ఆడుతున్నరు గదా" అంది చిన్నది. ఇక ఆ మాట మీద వాదన లేదు.

అమ్మ చెప్పులు విడిచి గోడ మీద కూర్చుంది. "మేం ఇసొంటి గ్రౌండ్లనే లంగడి ఆడేటోళ్ళం" అంది. ఒంటికాలి మీద గెంతుతూ పట్టుకునే ఆట. మగపిల్లలు చూస్తున్నారని ఆరో తరగతిలో వాళ్ళ నాన్న మాన్పించాడట. నాకీ సంగతి ఇన్నేళ్ళలో తెలియదు.

వచ్చేటప్పుడు పాప తన టెన్నిస్ బంతిని ఆ పిల్లలకిచ్చేసింది. మామూలుగా ఆ బంతిని తమ్ముడి వరసవాడు ముట్టుకున్నా ఒప్పుకోని పిల్ల.

ఆదివారం, నవంబరు 2: వాకిట్లో పెళ్ళి, గడపలో మ్యాచ్

పొద్దున వడధం వెళ్ళొచ్చాం, మామ ఆటో మాట్లాడాడు. రాయిగా మారిన చెట్టు మొద్దుల్లో గీతలు, పొరలు చెక్కుచెదరకుండా కనిపిస్తాయి. చెయ్యి వేస్తే చల్లగా, బరువుగా రాయి. కంటికి మాత్రం నిన్న నరికినట్టే ఉంది. ఈ సిరొంచ తాలూకాలోనే పోచంపల్లి దగ్గర రాకాసిబల్లి ఎముకలు దొరికాయి. రవీంద్రుడి పేరు కలిపి బారాపాసారస్ టాగోరీ అని పేరు పెట్టారు. బారా పా అంటే బెంగాలీలో పెద్ద కాలు. ఆ అస్థిపంజరం కలకత్తాలో ఇండియన్ స్టాటిస్టికల్ ఇన్‌స్టిట్యూట్ మ్యూజియంలో ఉంది. పాపకు అదంతా నచ్చింది గానీ, ప్రతి పది నిమిషాలకూ టైమెంతని అడుగుతూనే ఉంది. మధ్యాహ్నం మూడింటికి మ్యాచ్.

మూడింటికి టీవీ పెడితే నవీ ముంబైలో వాన. మైదానం మీద కవర్లు. పాప ముఖం మాడిపోయింది, అత్తమ్మ ముఖం వెలిగింది. ఎందుకంటే ఆ రోజు క్షీరాబ్ది ద్వాదశి. మరాఠీ ఇళ్ళల్లో తులసీ లగ్నం. మనం కార్తీక ద్వాదశికి తులసి కోటలో ఉసిరికొమ్మ నాటి పూజ చేసినట్టే, వాళ్ళు తులసికీ కృష్ణుడికీ ఏకంగా పెళ్ళి చేస్తారు. ఈ ఇంట్లో అత్తగారిదీ కోడలిదీ రెండు పద్ధతులు కాబట్టి రెండూ చేస్తారు.

సామాను జాబితా గోడకు అంటించి ఉంది. మామ చేతిరాత. నేను మరాఠీ అనుకుని అమ్మను చదవమన్నాను. అమ్మ చదువుతుంటే అంతా తెలుగే: చెరుకు గడలు ఐదు, ఉసిరికొమ్మ, పసుపు కొమ్ములు, తమలపాకులు. భాష మనది, అక్షరాలు బడిలో నేర్చినవి. మామకు తెలుగు అక్షరాలు రావు. అమ్మ హనుమకొండ నుంచి తెలుగులో రాసిన ఉత్తరాలను చెన్నూరు నుంచి కోడలిగా వచ్చిన అత్తమ్మే ఆయనకు చదివి వినిపించేది. అక్కకు తెలుగు అక్షరాలు వచ్చినందుకు ఆయన ఎంత గర్వపడ్డాడో అత్తమ్మ ఆ సాయంత్రం చెరుకు గడలు కడుతూ చెప్పింది. మామ పక్కనే ఉండి తల వంచుకుని దారం అందించాడు.

మ్యాచ్ ఐదింటికి మొదలైంది. టాస్ దక్షిణాఫ్రికాది, మనకు బ్యాటింగు. మామ కొడుకు టీవీని తెచ్చి గడప దగ్గర బల్ల మీద వాకిలి వైపు తిప్పి పెట్టాడు. ఒకవైపు తులసి కోట, ఒకవైపు స్మృతి, షెఫాలీ. వాడలో జనం ఒక్కొక్కరే వచ్చి చేరారు. మగవాళ్ళు గోడకు ఆనుకుని, ఆడవాళ్ళు చాపల మీద. ఎదురింటి కుటుంబం మరాఠీ వాళ్ళు. ఆ ఇంటాయన ఎస్టీలో డ్రైవరు, ఆయన భార్య పెద్ద పళ్ళెంలో చెరుకు ముక్కలు, పేలాలు పట్టుకొచ్చింది.

ఆరింటికి దీపాలు పెట్టి పెళ్ళి మొదలుపెట్టారు. టీవీ చప్పుడు తీసేశారు, బొమ్మ మాత్రం ఉంది. తులసికీ చిన్న కృష్ణుడికీ మధ్య పసుపు గుడ్డ అడ్డం పట్టారు. కోడలు మంగళాష్టకం అందుకుంది. సన్నటి గొంతు, ప్రతి చరణం చివర "శుభ మంగళ సావధాన" అనగానే అందరం అక్షింతలు వేస్తున్నాం. మూడో చరణంలో గోడ దగ్గరి మగవాళ్ళందరూ ఒకేసారి "అయ్యో" అన్నారు. స్మృతి అవుటైంది, 45. తొలి జోడీ 104 దగ్గర విడిపోయింది. కోడలు కళ్ళెత్తలేదు, గొంతు తొణకలేదు, పాట చివరిదాకా పాడి గుడ్డ తీయించి, దండ వేయించి, అప్పుడు తిరిగి అడిగింది: "ఎవరు పోయిన్రు? స్మృతా? షెఫాలీ ఉన్నది గదా."

షెఫాలీ ఉంది. గాయపడ్డ ప్రతీక స్థానంలో సెమీస్ ముందు వచ్చి చేరిన పిల్ల, 21 ఏళ్ళు, 78 బంతుల్లో 87 కొట్టింది. దీప్తి 58, రిచా చివర్లో గబగబా 34. మొత్తం 298.

నడిమి విరామంలో భోజనాలు. కోడలు చేసిన పూరణపోళీలు, మన పోలెలే. కాకపోతే ఇవి అరచెయ్యి కనబడేంత పలచన. శనగపప్పు ఉడికించిన నీళ్ళతో చేసిన పులుసులో ముంచుకుని తింటారు. తీపిలో పులుపేంటని పాప మొదట పక్కన పెట్టింది. ఎదురింటామె తన చేత్తో ముంచి నోట్లో పెట్టాక ఇంక ఆగలేదు. వాకిట్లో ఎంతమంది తిన్నారో నేను లెక్కపెట్టలేదు. పిలుపుల్లేవు. మ్యాచ్‌కు వచ్చినవాళ్ళు పెళ్ళి భోజనం చేశారు, అంతే.

దక్షిణాఫ్రికా వైపు వోల్వార్ట్ ఒకవైపు నిలబడిపోయింది. అమన్‌జోత్ విసిరిన బంతికి బ్రిట్స్ రనౌట్. ఆ తర్వాత శ్రీచరణి వచ్చింది. పాప లేచి నిలబడింది. బాష్ ఎల్బీడబ్ల్యూ, సున్నా. వాకిలంతా లేచింది, "మన తెలుగు పిల్ల!" అని మామ అరిచాడు, అంతకన్నా గట్టిగా "శ్రీచరణీ!" అని ఎదురింటి డ్రైవరు అరిచాడు. షెఫాలీ బంతి పట్టుకుని రెండు వరుస ఓవర్లలో లూస్‌నూ, కాప్‌నూ పంపింది. అయినా వోల్వార్ట్ కదల్లేదు. సెంచరీ కొట్టింది. మా అమ్మ చప్పట్లు కొట్టింది. "ఆ పిల్ల గూడ కష్టపడ్డది గదా" అంది.

సరిగ్గా అప్పుడు కరెంటు పోయింది.

చీకట్లో తులసి కోట దగ్గరి దీపాలు మాత్రం మిగిలాయి. నా ఫోను తీశాను, పదకొండు శాతం చార్జింగు. ఇరవైమంది ఒక అరచేతి బొమ్మ మీదికి వంగారు. ఎదురింట్లో ఇన్వర్టరు ఉంది, టీవీ నడుస్తోంది. అప్పటికే సగం మంది అటు చేరారు. ఫోనులో బొమ్మ టీవీ కన్నా వెనక. మా ఫోనులో దీప్తి ఇంకా బంతి చేతిలో తిప్పుకుంటోంది, ఎదురింట్లోంచి పెద్ద కేక వచ్చింది. ఏదో జరిగిపోయింది. సిక్సా? వికెట్టా? కేకను బట్టి చెప్పలేం. పాప నా మోచెయ్యి పట్టుకుంది, గోళ్ళు దిగాయి. మా దీప్తి పరిగెత్తింది, బంతి గాల్లోకి లేచింది, అమన్‌జోత్ కిందికి వచ్చింది, చేతుల్లో పడింది, జారింది, మళ్ళీ అందింది, మళ్ళీ జారింది, ఒంటిచేత్తో పట్టేసింది. వోల్వార్ట్ 101. ఇరవై గొంతులూ ఒకేసారి. ఎదురింటి వాళ్ళు ఆ ఆనందం రెండోసారి పడ్డారు, మా కేక విని.

ఆ తర్వాత అందరం ఎదురింటికి పోయాం. చెప్పులన్నీ కుప్ప. ముందు గది పన్నెండడుగులుండదు. పిల్లలు దివాను మీద, దివాను కింద. అమ్మకు ఆ ఇంటామె తన కుర్చీ ఇచ్చి తాను తలుపు పక్కన నేల మీద కూర్చుంది. చివరి వికెట్ దగ్గర ఎవరూ మాట్లాడలేదు. డిక్లెర్క్ ఎత్తి కొట్టింది, హర్మన్‌ప్రీత్ వెనక్కి పరిగెత్తి తల పైనుంచి వచ్చిన బంతిని అందుకుంది. 246 ఆలౌట్. దీప్తికి అయిదు వికెట్లు. 52 పరుగుల గెలుపు.

"జింకలో!" అని మరాఠీలో ఒకవైపు, "గెలిచినం!" అని ఒకవైపు. ఇంటాయన నా పాపనెత్తి గిరగిరా తిప్పాడు. పిల్లలు దీపావళికి మిగిలిన కాకరవత్తులు తెచ్చి వీధిలో వెలిగించారు. ఎక్కడో దూరంగా ఇంకో వాడలో పటాకులు, ఇంకా దూరంగా నది మీదుగా ఇంకేవో పటాకులు. కాళేశ్వరం వైపు నుంచే అనుకుంటా.

ఒంటిగంట దాటాక కప్పు తెచ్చి, ఆట నుంచి ఎప్పుడో తప్పుకున్న మిథాలీ చేతిలో, ఝులన్ చేతిలో పెట్టారు. నేను అప్పుడు ఏడ్చాను. 2017లో లార్డ్స్‌లో తొమ్మిది పరుగుల తేడాతో ఓడిన రాత్రి నేను అమ్మ పక్కనే కూర్చుని చూశాను, పాపకు అప్పుడు నాలుగేళ్ళు, నా ఒళ్ళో నిద్రపోయింది. మిథాలీ ఆ రోజు తల దించుకుని నడిచి వెళ్ళింది. ఈ రోజు కప్పును పైకెత్తింది.

మామ చెప్పాడు, 1983లో మగవాళ్ళ ప్రపంచకప్పు ఫైనల్‌ను ఇదే వీధిలో వేపచెట్టు కింద ఒక్క రేడియో చుట్టూ చేరి విన్నారట. ఆడవాళ్ళెవరన్నా ఉన్నారా అని అడిగాను. కాసేపు గుర్తు చేసుకున్నాడు. "లేరు బిడ్డా. మేం పిలవలే గూడ" అన్నాడు. ఆ మాట అనడానికి ఆయనకు కొంచెం కష్టమైంది. అమ్మ విన్నది. ఏమీ అనలేదు, ఆయన తల మీద చెయ్యి వేసింది.

సోమవారం, నవంబరు 3: కాళేశ్వరం

మూడు గంటలు నిద్రపోయామేమో. కార్తీక సోమవారం, కాళేశ్వరంలో జనం. నీళ్ళు ఇంకా ఉధృతంగానే ఉన్నాయి, పడవలు తిప్పడం లేదు. మెట్ల మీదే చెంబులతో పోసుకుని తడి బట్టలతో దీపాలు వదిలాం. ఆకుదొప్ప, వత్తి, నూనె కలిపి 20 రూపాయలు. ఒకే పానవట్టం మీద రెండు లింగాలు, యముడూ శివుడూ పక్కపక్కన. అమ్మ అక్కడ ఎప్పుడూ ఎక్కువసేపు నిలబడుతుంది.

దీపాలమ్మే ఆమె దగ్గర చిల్లర తీసుకుంటుంటే వెనకనుంచి ఒక ముసలాయన పక్కాయనతో అంటున్నాడు: "నిన్న మన పిల్లలు కొట్టిన్రట." పాప చటుక్కున తిరిగి, స్కోరుతో సహా మొత్తం చెప్పింది. ఆయన తల ఊపుతూ చివరిదాకా విన్నాడు.

తిరుగు బస్సులో మళ్ళీ జీరో టికెట్లు. పాప నా పెన్ను అడిగి తీసుకుంది. కుదుపుల్లో ఏం రాస్తుందో అనుకున్నాను. ఇందాక నా పర్సు దులుపుతుంటే ఆ టికెట్టు దొరికింది. వెనకవైపు వంకర అక్షరాలతో ఉంది: ఇండియా 298/7, దక్షిణాఫ్రికా 246. దాని కింద, శ్రీచరణి, టోర్నీలో 14 వికెట్లు. దాని కింద, అంకీస, 1 వికెట్, నాది.